కీమో అయిపోయింది, కాళ్ళకి ఇంకా తెలీదు

కీమో అయిపోయిందంటగా, ఇంకేంటి హ్యాపీయేగా అంటారండి కనబడినవాళ్ళందరూ. వాళ్ళ తప్పేం లేదు, బయటికి చూస్తే నేను బాగానే ఉంటాను, జుట్టు కూడా పూర్తిగా ఊడలేదు (నాకిచ్చిన ఆక్సాలిప్లాటిన్‌తో పల్చబడుతుందంతే, సాధారణంగా గుండు అవ్వదు), తగ్గిన బరువు మళ్ళీ వచ్చింది, చీర కట్టుకుని బ్యాంకుకి వెళ్తున్నాను, సీట్లో కూర్చుంటున్నాను. కానీ ఆ చీర కట్టుకోడానికి ఎంతసేపు పడుతోందో వాళ్ళకేం తెలుసు. కీమో మందుతో నా చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కి మొద్దుబారాయి, కుచ్చిళ్ళు వేళ్ళ మధ్య నిలిచాయో జారాయో వేళ్ళకి తెలీదు, అద్దంలో చూసుకుంటూ సర్దుకోవాలి, భుజం మీద పిన్నీసు అయితే నేను పెట్టుకోడం మానేశాను, మా అమ్మాయి కాలేజీకి వెళ్ళేలోపు దాన్ని బతిమాలి పెట్టించుకుంటాను. కీమో జరిగేటప్పుడు ఏం తినాలి, వాంతులకి ఏం చెయ్యాలి అని చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, అయిపోయాక ఏం జరుగుద్దో చెప్పేవాళ్ళే లేరు నాకు, అందుకని ఇదంతా రాస్తున్నా.

నాది పెద్దపేగు క్యాన్సర్, స్టేజ్ త్రీ. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశాక కేపాక్స్ అని ఇచ్చారు, అంటే మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ డ్రిప్, ఆ రోజు నుంచి రెండు వారాలు పొద్దునా రాత్రీ కేపసిటబిన్ టాబ్లెట్లు, తర్వాత ఒక వారం ఖాళీ, మళ్ళీ మొదలు. ఇప్పుడు రిస్కు తక్కువున్న కొందరికి మూడు నెలలు చాలంటున్నారు, 2018లో ఐడియా అని పెద్ద స్టడీ వచ్చింది కదా దాని తర్వాత, మూడు నెలలయితే ఈ తిమ్మిర్ల గోల కూడా బాగా తక్కువ. నాకు గడ్డ పేగు గోడ దాటి పోయిందని ఆరు నెలలు రాశారు. డ్రిప్ పెట్టిన వారంలో చల్లటిది ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు ఉండేది, ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే చేతికి టవల్ చుట్టుకునేదాన్ని, మామూలు మంచినీళ్ళు గుటకేస్తే గొంతులో ఎవరో పట్టుకున్నట్టు అయ్యేది. అది ముందే చెప్పారు, మూడు నాలుగు రోజుల్లో పోతుందన్నారు, పోయేది కూడా. మొదట్లో.

ఎవరూ చెప్పనిది ఏంటంటే, ఆఖరి డ్రిప్ అయ్యాక తిమ్మిరి తగ్గడం కాదు, పెరిగింది. ముందు వేళ్ళ చివర్లోనే ఉండేది, తర్వాత అరచేతి దాకా, కాళ్ళల్లో అయితే మడమ దాటి మేజోడు వేసుకున్నంత మేరకి పాకింది. మందు ఆగిపోయి నెలలవుతోంది, రోజురోజుకీ ఎక్కువవుతోంది, నాకేమో మనసులో ఒకటే భయం, ఇది మళ్ళీ వచ్చిందేమో, వెన్నులోకి పాకిందేమో అని. ఇంట్లో చెప్పలేదు, రాత్రిళ్ళు ఫోన్లో వెతుక్కుంటూ కూర్చునేదాన్ని. చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు గారు నన్ను మంచం మీద కూర్చోబెట్టి ట్యూనింగ్ ఫోర్క్ ఒకటి తీసి దాన్ని చేతికి కొట్టుకుని కాలి బొటనవేలు కణుపు మీద ఆనించారు. ఏమనిపిస్తోందమ్మా అన్నారు. ఏదో ఇనప ముక్క పెట్టారండీ అన్నాను. అదే దాన్ని మోకాలి చిప్ప మీద పెడితే జుయ్యిమని ఎముకలోకి దిగింది. మళ్ళీ బొటనవేలు మీద పెట్టారు, ఫోర్క్ వణుకుతూనే ఉంది, కంటికి కనబడుతోంది, నాకేమో ఏం లేదు. అప్పుడు వివరంగా చెప్పారు. ఈ ప్లాటినం మందులు (నాకిచ్చిన ఆక్సాలిప్లాటిన్ లాంటివి) వెన్ను పక్కనుండే నరాల కణాల గుంపుల్లో చేరతాయంట, డ్రిప్ ఆపినా అక్కడి పని కొన్ని నెలలు సాగుతూనే ఉంటుందంట, దిగుడు రోడ్డు మీద బండి ఇంజను ఆపేసినా కొంతదూరం దొర్లుతుంది చూడమ్మా అలాగా అన్నారు. స్కాన్ బాగానే ఉంది, సీఈఏ (జబ్బు మళ్ళీ వచ్చిందేమో చూసే రక్తపరీక్ష) బాగానే ఉంది, ఇది మందు పనేగానీ జబ్బు పని కాదు అన్నారు. ఆ ఒక్క మాట ఆఖరి డ్రిప్ రోజునే చెప్పుంటే నాకు అన్ని రాత్రుళ్ళ నిద్ర మిగిలేది కదా.

మరి ఎప్పటికి పోతుందండీ అంటే చాలామందికి తగ్గుతూ వస్తుంది, పూర్తిగా పోతుందని మాత్రం రాసివ్వలేను అన్నారు. తర్వాత నేను చదివినదాని ప్రకారం, ఈ మందుని పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత ఇవ్వొచ్చని తేల్చిన మొజాయిక్ ట్రయల్‌లో నాలుగేళ్ళ తర్వాత కూడా దాదాపు 15 శాతం మందికి ఎంతో కొంత తిమ్మిరి మిగిలే ఉంది, అందులో ఎక్కువ భాగం తేలికపాటిదే. ఈ లెక్క నాకు ధైర్యమిచ్చిందో భయపెట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేదు, రోజుని బట్టి ఉంటుంది.

నా ఉద్యోగం క్యాష్ కౌంటర్లో అండి. రాజమండ్రిలో ఒక బ్యాంకు బ్రాంచిలో. క్యాషియర్ పనంతా వేళ్ళ మీదే, మెషీన్ ఉందిగా అంటారు గానీ కూరగాయల మార్కెట్ నుంచి చీర కొంగులోంచి తీసిచ్చే నలిగిన నోట్లు మెషీన్ తినదు, చేత్తో సాఫుచేసి చేత్తోనే లెక్కపెట్టాలి, కొత్త నోట్లు రెండు అతుక్కుంటే బొటనవేలు దగ్గరే దొరకాలి. మీరెప్పుడైనా గమనించారో లేదో, 500 నోటుకి రెండంచుల్లోనూ ఐదేసి గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, 200కి నాలుగు గీతలు మధ్యలో రెండు చిన్న సున్నాలు, 100కి నాలుగు. కళ్ళు కనబడనివాళ్ళ కోసం పెట్టారు అవి. మాకు అలవాటైపోయి చూడకుండానే తడిమి చెప్పేస్తాం, దొంగనోటయితే ఆ గరుకుతనం ఉండదు కాబట్టి చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. నేను డ్యూటీలో జాయినయ్యాక 500 నోటు పట్టుకుంటే తెల్లకాగితం పట్టుకున్నట్టుంది. సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే తగ్గింది మా చేతినుంచి కట్టుకోవాలి కదా, ఆ రిస్కు నాకొద్దని మొదటి వారంలోనే మేనేజరు గారి క్యాబిన్‌లోకి వెళ్ళి చెప్పేశాను. ఆయన మంచాయన, కొన్నాళ్ళు ఖాతాలు తెరిచే సీట్లో కూర్చోండి మేడం అన్నారు. కొంతమందికి అది సుఖమైన సీటులా కనబడింది, వినబడేలాగానే అన్నారు, నేను పట్టించుకోలేదు అంటే అబద్ధం.

ఇప్పుడు మాత్రం పొద్దున్నే బ్యాగులోంచి 500 నోటొకటి తీసి అంచు తడిమి చూసుకుంటాను, నా టెస్టు అది. ఎడమ ఉంగరం వేలికి ముందు తెలిసింది గీతలున్నాయని. ఇప్పుడు కుడి చూపుడు వేలికి కూడా ఏదో ఉందని తెలుస్తోంది, ఎన్ని గీతలో ఇంకా చెప్పలేను.

వేలిముద్రల కథ ఇంకోటి. కేపసిటబిన్ టాబ్లెట్లతో అరచేతులు అరికాళ్ళు నల్లబడి, ఎర్రబడి, పొరలు పొరలుగా ఊడతాయి, ఆ ఊడ్డంలో వేలిముద్రలు కూడా అరిగిపోవచ్చు. సింగపూర్‌లో ఈ మందు వాడుతున్న ఒక పెద్దాయన 2008 చివర్లో అమెరికా వెళ్తే వేలిముద్రలు దొరకట్లేదని ఇమ్మిగ్రేషన్ వాళ్ళు నాలుగు గంటలు ఆపేశారంట, ఆయన డాక్టరు తర్వాత ఆ కేసుని మెడికల్ జర్నల్‌లో రాశారు. మనకి అమెరికా దాకా ఎందుకండి, రేషన్ షాపు దగ్గరే తెలిసిపోతుంది. మా బ్రాంచిలో లాగిన్‌కి వేలు పెట్టాలి, నా వేలు మెషీన్ ఒప్పుకోదు, పదేపదే పెట్టి పెట్టి చివరికి సిస్టమ్స్ వాళ్ళకి మెయిల్ పెట్టి వేరే దారి చేయించుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ పెన్షన్ కోసం వచ్చే ముసలోళ్ళని, కూలి పని చేసి వేళ్ళు అరిగిపోయినవాళ్ళని, తాతా గట్టిగా నొక్కు, తుడుచుకుని పెట్టు అని నేనే కేకలేసేదాన్ని. ఆ తాతల్లో ఒకాయన నా అవస్థ చూసి, కొబ్బరినూనె రాసుకుని తుడిచేసి పెట్టండమ్మగారూ ఒక్కోసారి పడుద్ది అని సలహా ఇచ్చాడు. పడలేదనుకోండి. టాబ్లెట్లు ఆపేసిన కొన్ని వారాలకి కొత్త చర్మంతో పాటు ముద్రలు మెల్లగా తిరిగొచ్చాయి. కీమోలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట, ఆధార్‌తో పనులేమైనా ఉంటే టాబ్లెట్లు మొదలవ్వకముందే చేసేసుకోండి, మధ్యలో అవసరమొస్తే కంటి స్కాన్ గానీ ముఖం చూపించే పద్ధతి గానీ ఉందేమో అడగండి, వేలు పడట్లేదని వెనక్కి తిరిగి రావద్దు.

చేతుల కంటే కాళ్ళు మొండివి. అరికాలి కింద ఎప్పుడూ దూది పరిచినట్టే ఉంటుంది. చెప్పు జారిపోయినా తెలీదు, ఒకసారి ఆటో దిగి బ్రాంచి మెట్ల దాకా వెళ్ళాక అటెండరు అబ్బాయి, మేడం గారూ ఒక చెప్పు ఆటోలో ఉండిపోయింది అని పరిగెత్తుకొచ్చాడు. అప్పటినుంచి వెనక పట్టీ ఉన్నవే, షుగరున్నవాళ్ళకి అమ్మే ఎంసీఆర్ చెప్పులు మెత్తగా ఉంటాయి, అవి కొన్నాను, ఇంట్లో కూడా అవే. ఇంట్లో చెప్పులేంటి అని మా అత్తయ్య గారికి మొదట్లో అస్సలు నచ్చలేదు, వంటింట్లోకి వేరే జత అని ఒప్పందం చేసుకున్నాం.

ఎండాకాలంలో గుడికెళ్ళి ప్రదక్షిణలు చేశాను. నాపరాళ్ళు కాలుతున్నాయని అందరూ గంతులేస్తూ నీడలోకి పరిగెత్తుతుంటే నేను మాత్రం నింపాదిగా తిరిగొచ్చాను, ఎవరో పెద్దావిడ ఎంత భక్తి తల్లీ నీకు అంది కూడా. రాత్రి మంచం మీద కాళ్ళు చాపుకుంటే మా అమ్మాయి చూసి అమ్మా ఇదేంటే అని అరిచింది, రెండు అరికాళ్ళలోనూ బొబ్బలు. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే కదా భయం. అప్పటినుంచి గుడికి మేజోళ్ళతో వెళ్తున్నా, పొద్దున పెందలాడే, రోజూ రాత్రి అరికాళ్ళు అద్దం పెట్టుకుని చూసుకోవడం అలవాటు చేసుకున్నా. స్నానానికి నీళ్ళు కాచుకుంటే కాలో చెయ్యో పెట్టి చూడను, మోచెయ్యి ముంచి చూస్తాను, అక్కడ స్పర్శ బాగానే ఉంది.

ఇంకోటి వింటే నవ్వుతారు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే పక్కకి ఒరిగిపోతాను. మొదటిసారి బీపీ అనుకున్నాను. ఫిజియో అమ్మాయి చెప్పింది, కాళ్ళు ఎక్కడున్నాయో ఎలా ఆనాయో మెదడుకి చెప్పే నరాలు మొద్దుబారితే ఆ పని కళ్ళు చేస్తాయి మేడం, మీరు కళ్ళు మూసేస్తే ఇంక చెప్పేవాళ్ళు లేరు అని. అందుకే బాత్రూమ్‌లో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పోసుకుంటాను, గోడకి హ్యాండిల్ వేయించాం, మంచం పక్కన టార్చి ఉండాల్సిందే, రాత్రి కరెంటు పోతే అది వెలిగించందే లేవను. మెట్లు దిగేటప్పుడు ఫోన్ మాట్లాడను, కింద మెట్టు చూస్తూ దిగాలి. ఆ అమ్మాయి నేర్పిన ఎక్సర్‌సైజులు మామూలువే, కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, గోడ పక్కన ఒక కాలి వేళ్ళకి ఇంకో కాలి మడమ ఆనించి నడవడం, ఒక గిన్నెలో బియ్యం పోసి అందులో శనగలు వేళ్ళతో వెతికి తియ్యడం. ఈ శనగల పని మా అత్తయ్య గారికి తెగ నచ్చింది, కాసేపటికే ఇద్దరం పందెం వేసుకున్నాం, ఆవిడే గెలిచింది.

మందుల సంగతి. తిమ్మిరంటే చాలు అందరూ నరాల వీక్‌నెస్ అని బీ కాంప్లెక్స్ సూదులు పొడిపించుకోమంటారు. నాకు బీ12 టెస్టు చేశారు, సరిపడా ఉంది. తక్కువుంటే వేసుకోవాల్సిందే గానీ బాగానే ఉన్నవాళ్ళకి ఈ కీమో తిమ్మిరి దాంతో తగ్గుతుందని గట్టి రుజువేం లేదు. కొన్ని నరాల టాబ్లెట్ల అట్ట వెనక ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ అని ఉంటుంది, అది మాత్రం చూసుకోండి, రొమ్ము క్యాన్సర్ కీమోలో తిమ్మిరి రాకుండా ఉంటుందని ఇచ్చి చూస్తే తగ్గకపోగా ఇంకా పెరిగింది, అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం వద్దనే చెప్తోంది. అదే సంఘం 2020లో గైడ్‌లైన్స్ మళ్ళీ చూసి, నొప్పి ఉన్నవాళ్ళకి సిఫార్సు చేసింది డులోక్సెటిన్ ఒక్కటే. నాకూ అదే రాశారు. మొదటి వారం తిప్పింది, వికారం, తర్వాత సర్దుకుంది. రాత్రి పూట అరికాళ్ళలో మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు, అవి బాగా తగ్గాయి. మొద్దుబారడం మాత్రం అలాగే ఉంది, దానికి ఈ మందు పనిచేయదు అని ముందే అన్నారు. దీన్ని సొంతంగా మెడికల్ షాపులో కొనుక్కోవద్దు, ఠక్కున ఆపెయ్యకూడదు కూడా, రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్ళయితే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి, రెండూ కలిస్తే ఆలోచించాల్సిన విషయం ఉంది.

బుర్ర సంగతి ఎక్కువ రాయను, గుర్తుండదు కాబట్టి (జోకే). పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం అందరికీ ఉన్నదే, కానీ ఎదురుగా కూర్చున్న కస్టమరు పేరు ఫారం మీద చదివి తల ఎత్తేలోపు పోవడం, నాలుగు అంకెల కూడిక మధ్యలో తెగిపోవడం నాకు అంతకుముందు లేవు. చిన్న నోటుబుక్కు పెట్టుకున్నా, ఒక పని అయ్యాకే ఇంకోటి, మధ్యలో ఎవరు పిలిచినా వేలెత్తి ఆగమంటా. అది మెల్లమెల్లగా మెరుగవుతోంది. నీరసం మాత్రం వేరే రకం, నిద్రపోతే పోయే నీరసం కాదు, పది గంటలు పడుకుని లేచినా ఒళ్ళంతా తడిసిన గోనె సంచిలా ఉంటుంది. రక్తం, థైరాయిడ్ అన్నీ చూశారు, ఏమీ లేదు, నడవమన్నారు. నీరసంగా ఉందంటే నడవమంటారేంటి అని నాకు ఒళ్ళు మండింది. కానీ 2025 జూన్‌లో ఛాలెంజ్ అని ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి, అచ్చం నాలాంటి పెద్దపేగు క్యాన్సర్ వాళ్ళు 889 మంది, కీమో అయ్యాక సగం మందికి మూడేళ్ళపాటు వెంటపడి వ్యాయామం చేయించారు, మిగతా సగానికి పుస్తకాలిచ్చి ఊరుకున్నారు. ఐదేళ్ళకి క్యాన్సర్ లేకుండా బతికున్నవాళ్ళు వ్యాయామం చేసినవాళ్ళలో 80 శాతం, రెండో వైపు 74. ఇది చదివాక ఇంక వాదించడానికి ఏం మిగల్లేదు, బూట్లు కొనుక్కుని గోదావరి గట్టు మీద నడక మొదలుపెట్టాను. పుష్కర్ ఘాట్ దాకా వెళ్ళి బెంచీ మీద కాసేపు కూర్చుని వెనక్కి. నడిచిన రోజు సాయంత్రం కాస్త మనిషిలా ఉంటున్నా, అది మాత్రం నిజం. కార్తీకంలో పక్కింటి పిన్నిగారు స్నానానికి రమ్మని పిలిచింది, ఆ చల్లటి నీళ్ళు, ఆ నాచు పట్టిన మెట్లు, నా కాళ్ళు, దణ్ణం పెట్టి రాలేనన్నాను. దేవుడి పనికి కూడా వంకలేనా అంది. ఇంట్లో వేడినీళ్ళతో పోసుకుని దీపం పెట్టుకున్నాను.

ఇప్పుడు కీమో మధ్యలో ఉన్నవాళ్ళకి చెప్పాలనుకున్నది ఒకటుంది. ప్రతి సైకిల్‌కీ ముందు డాక్టరు తిమ్మిరి ఎలా ఉందమ్మా అని అడుగుతారు, మనవాళ్ళం ఏమంటాం, పర్లేదండి, కొంచెం ఉంది అంటాం. ఆయనకి దాంతో ఏం తెలుస్తుంది. మందు తగ్గించాలా ఆపాలా అన్నది తిమ్మిరి వల్ల మీ రోజువారీ పనులు ఎంత ఆగుతున్నాయన్నదాన్ని బట్టే ఎక్కువగా నిర్ణయిస్తారు, కాబట్టి పనులు చెప్పాలి. మా ఇంట్లో ఆ మాట మా ఆయన అన్నారు, నేను పర్లేదండి అనబోతుంటే మధ్యలో అందుకుని, సార్ పిన్నీసు పెట్టుకోలేకపోతోంది, టీ కప్పు జారవిడిచింది, పప్పులో ఉప్పు చిటికెడు వేస్తున్నాననుకుని గుప్పెడు వేసింది సార్ అని చెప్పారు. ఉప్పు సంగతి అక్కడ అవసరమా అని నేను గుర్రుగా చూశాను. డాక్టరు గారు మాత్రం పెన్ను పక్కన పెట్టి, షర్టు గుండీ పెట్టి చూపించమ్మా అని తన తెల్లకోటు విప్పి నా ముందు పెట్టారు. పెట్టలేకపోయాను. ఆ రోజే ఆక్సాలిప్లాటిన్ డోసు తగ్గించారు, చివర్లో అది పూర్తిగా తీసేసి టాబ్లెట్లు మాత్రమే ఇచ్చారు. అప్పుడే ఆపకపోయుంటే ఈ కాళ్ళు ఇంకా ఎలా ఉండేవో. మీకు గుండీలు, పిన్నీసులు, తాళంచెవులు, ముగ్గుపిండి, ఏవి పట్టు చిక్కట్లేదో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి, మీకు మొహమాటమైతే పక్కన వచ్చినవాళ్ళ చేత చదివించండి.